దాటేసిన గుమ్మం

గాజుల చప్పుడు వీధి మలుపు తిరిగింది.

మాలతి గబగబా పమిట సర్దుకుంది. ముందు గది కుర్చీలో పడున్న బట్టల్ని పక్కగదిలోకి విసిరేసింది. "నీలిమా, రా రా! వచ్చేస్తున్నారు!" అని కేకేసింది. ఏడో నెల కడుపుతో కోడలు మెల్లగా వచ్చి గడప పక్కన నిలబడింది.

రాయ్‌పూర్ గుఢియారీలో రైలు పట్టాల పక్కనున్న ఆ తెలుగు వీధికి శ్రావణ మాసం అంటే ఒకటే అర్థం. తెలుగు సంఘం హాల్లో ఆడవాళ్ళంతా కలిసి వరలక్ష్మీ వ్రతం చేసుకుంటారు. దానికి ముందు పెద్దావిడ పార్వతమ్మ ఇంట్లోంచి కుంకుమ భరిణె బయల్దేరుతుంది. గుమ్మం గుమ్మానికీ ఆగుతుంది. ఇంటి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి పిలుస్తుంది. ఈసారి మోకాళ్ళు పట్టేశాయని పార్వతమ్మ రాలేదు. వేసవిలో పెళ్ళయి శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆమె చిన్నకోడలు ఫణిశ్రీ భరిణె పట్టుకుంది. వెనకాల తోడుగా సరోజిని, నళిని.

అడుగులు మాలతి గేటు దగ్గర ఆగాయి.

మాలతి మొహం ముందుకు పెట్టి నవ్వింది. ఫణిశ్రీ గుమ్మం పైకి ఒకసారి చూసింది. చటుక్కున తల దించుకుంది. పెదాలు ఏదో గొణిగాయి. అంతే. భరిణె మూత మూసుకుంది. గాజుల చప్పుడు ముందుకు సాగి పక్కింటి గేటు తీసింది.

పొరపాటేమోనని మాలతి ఒక్క అంగలో బయటికి వచ్చింది. మొన్న హరేలీ పండగనాడు పాలు పోసే రావుత్ గుమ్మానికి గుచ్చి వెళ్ళిన వేపమండ జుట్టుకి తగిలితే విసురుగా పక్కకి తోసింది. అప్పటికే పక్కింట్లో బొట్టు పెట్టడం అయిపోయింది. తరవాతి ఇల్లు. ఆ తరవాతి ఇల్లు. వెనక్కి తిరిగి చూసింది ఒక్క సరోజినే. అదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"అత్తయ్యా, మనల్ని మర్చిపోయారా?" అంది నీలిమ.

ఆ వీధిలో బొట్టు మర్చిపోవడం అనేది ఉండదు. బొట్టు దాటెయ్యడమే ఉంటుంది.

దాటెయ్యడమంటే ఏమిటో ఆ వీధిలో పుట్టిన పిల్లలక్కూడా తెలుసు. పంచాయితీ ఉండదు, తిట్లుండవు, ఎవరూ గొంతు పెంచరు. తప్పు చేసిన ఇంటిని భరిణె దాటి వెళ్తుంది. ఆ రోజు నుంచి ఆ ఇంటికి ఎవరూ పెరుగు తోడుకి రారు, పేరంటానికి రారు, పురుడొచ్చినా రారు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది, అన్నిటికంటే గట్టిది. ఎందుకు దాటారని అడక్కూడదు. అడిగితే సిగ్గు లేదని ఇంకో తప్పు కలుస్తుంది.

శిక్ష పడిపోయింది. నేరం ఏమిటో మాత్రం మాలతికి తెలీదు.

* * *

"చుప్‌గా ఉండు. పండగ వెళ్ళాక అదే సర్దుకుంటుంది," అన్నాడు మాలతి మొగుడు యుగంధర్, రైల్వే వ్యాగన్ షాపు డ్యూటీకి టిఫిన్ డబ్బా సర్దుకుంటూ.

"ఏటి సర్దుకునేది? శుక్రవారం వ్రతం. ఆదివారం నీలిమ సీమంతం. ముత్తయిదువలు రాకపోతే దాని చేతికి గాజులు ఎవరు తొడుగుతారు, నువ్వా?"

యుగంధర్ డబ్బా మూత బిగించాడు. మాట కూడా అక్కడే బిగించేశాడు.

లోపల్నుంచి నీలిమ అంతా విన్నది. ఆ పిల్లకి తల్లి లేదు. చిన్నప్పుడే పోయింది. పుట్టింటివాళ్ళు చెయ్యాల్సిన సీమంతం కూడా మాలతే నెత్తిన వేసుకుంది. వారం కిందట ఇద్దరూ గోల్ బజారుకి వెళ్ళి ఆకుపచ్చ గాజులు తెచ్చుకున్నారు. నీలిమ ఆ పెట్టె రోజూ తీసి చూసుకుంటోంది. ఇప్పుడు అది మంచం కిందకి తోసేసి ఉంది.

"వద్దులే అత్తయ్యా. మనిద్దరమే చేసుకుందాం. మీరే తొడిగెయ్యండి," అంది నవ్వడానికి ప్రయత్నిస్తూ.

ఆ నవ్వు చూశాక మాలతి కాళ్ళు ఆగలేదు. చెప్పులేసుకుని పెరటి వైపు నుంచి సరోజిని ఇంటి గోడ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ బట్టలు ఆరేస్తోంది.

"సరోజినీ! ఎందుకే దాటారు?"

సరోజిని చేతిలో దుప్పటి జారి కిందపడింది. "ఒలమ్మా! అడిగేస్తన్నావేటి, వదినా?"

"అడిగేశాను. చెప్పు."

సరోజిని నాలుగు వైపులా చూసింది. చెప్పకూడదన్న భయం ఒకవైపు, చెప్పాలన్న ఆత్రం ఇంకోవైపు. ఆత్రమే గెలిచింది. "మీ పృథ్వీ ఉర్లాలో ఫ్యాక్టరీ డ్యూటీ అయ్యాక ఢాబాలో కూర్చుంటన్నాడట. వెల్డింగు వాళ్ళతో కలిసి బీర్లు. దానికే."

"నీకెవరు చెప్పారు?"

"చెప్పేదేటి? అందరికీ తెలుసు. లేకపోతే బొట్టెందుకు దాటుతాది?"

మాలతి కళ్ళు చిట్లించింది. కొడుకు ఎప్పుడో ఒకసారి తాగుంటాడు. ఆ మాటకొస్తే ఆ వీధిలో మగాడు తాగే ఇల్లల్లా దాటెయ్యాలంటే భరిణె పార్వతమ్మ ఇంటి గడప కూడా దిగదు. ఇది కాదు, ఇంకేదో ఉంది.

"నువ్వు ఫణిశ్రీ వెనకాలే ఉన్నావు కదా. నిన్ను దాటమని ఎవరైనా చెప్పారా?"

"నాకెవరూ చెప్పలేదు. ఆ పిల్ల దాటింది, నేనూ నడిచాను. పార్వతమ్మత్త చెప్పే ఉంటాది అనుకున్నాను." దుప్పటి ఎత్తుకుంటూ గొంతు తగ్గించింది. "వదినా, ఒక మాట. సీమంతానికి బొట్టు పెట్టడానికి మా ఇంటికి మాత్రం రాకు. నువ్వొస్తే నేను తలుపేసుకోవాలి. నాకు బాగోదు."

* * *

నళిని కూరగాయల మార్కెట్లో దొరికింది. బెండకాయలు ఏరుకుంటోంది. మాలతిని చూడగానే సంచీ ఎత్తుకుని అవతలి బండి వైపు నడిచింది. మాలతి వెంటపడింది. నళిని టమాటాల బండి చుట్టూ తిరిగింది. మాలతి అటునుంచి తిరిగి వచ్చి దారి కాసింది.

"క్యా హువా దీదీ?" అన్నాడు బండివాడు సరదాగా.

"కుఛ్ నహీ భయ్యా, ఇంటి గొడవ," అని నళిని చెయ్యి పట్టుకుంది మాలతి. "పృథ్వీ బీరు తాగాడనా?"

"బీరేటి?" నళిని తెల్లబోయింది. "నేననుకున్నది అది కాదే. మీ కోడలి నెలల లెక్క కుదరలేదని..." నాలిక కరుచుకుంది.

మాలతి ఒళ్ళంతా భగ్గుమంది. "నళినీ! దాని పెళ్ళి పోయిన శ్రావణంలో అయింది. నువ్వే వచ్చి మామిడికాయ పప్పు మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నావు! ఏడాదయింది. ఏం లెక్క కుదరాలి నీకు?"

నళిని వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. మొహం పాలిపోయింది. "నిజమే కదా! అరే... ఎవరూ లెక్కే వెయ్యలేదు. బొట్టు దాటింది కదా, ఏదో పెద్దదే అయ్యుంటాదని అందరం తలో మాటా అనుకున్నాం. మొదట ఎవరన్నారో గుర్తులేదు. నేనే అన్నానేమో కూడా."

మాలతి చెయ్యి వదిలేసింది. ఇప్పుడు విషయం అర్థమవుతోంది. బీరు చూసి బొట్టు దాటలేదు. బొట్టు దాటడం చూశాక బీరు గుర్తొచ్చింది. నేరానికి శిక్ష కాదిది. శిక్ష ముందే వచ్చేసింది, దానికి సరిపడా నేరం కోసం వీధంతా వెతుకుతోంది. దొరికిన ప్రతిదీ తొడిగి చూస్తోంది. ఇవాళ నెలల లెక్క వరకూ వచ్చింది. రేపు ఇంకెక్కడికి వెళ్తుంది? నీలిమ కడుపులో బిడ్డ పుట్టకముందే ఆ బిడ్డకో పేరు తగిలిస్తారు!

ఇక ఒక్కటే గుమ్మం మిగిలింది. మాలతి ఆటో ఎక్కలేదు. మార్కెట్ నుంచి పార్వతమ్మ ఇంటి దాకా దాదాపు పరిగెత్తింది.

* * *

పార్వతమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని మోకాళ్ళకి నూనె రాయించుకుంటోంది. రాస్తున్నది ఫణిశ్రీ. మాలతిని చూసి ఆ పిల్ల ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి జరిగింది.

"అత్తా, నేను అడగడానికే వచ్చాను. సిగ్గు లేదనుకో, ఏమైనా అనుకో. నా ఇల్లు ఎందుకు దాటించావు?"

పార్వతమ్మ మెల్లగా అంది. "నేను దాటించలేదే."

"మరి?"

"దాటారని నాకూ తరవాతే తెలిసింది. వీధిలోవాళ్ళు ఏదో చూసే ఉంటారు, కొత్తపిల్లకి చెప్పే ఉంటారు అనుకున్నాను. కారణం లేకుండా దాటరు కదా అని నోరు మూసుకున్నాను."

"వీధిలోవాళ్ళేమో నువ్వు చెప్పావనుకుంటున్నారు!"

ఇద్దరూ ఒకేసారి ఫణిశ్రీ వైపు తిరిగారు. ఆ పిల్ల గోడకి అతుక్కుపోయింది.

"ఫణీ! నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదత్తయ్యా." నూనె గిన్నె కింద పెట్టేసింది. "వాళ్ళ గుమ్మానికి వేపమండలున్నాయి. లోపల ఎవరికో అమ్మవారు పోసిందనుకున్నాను. అమ్మవారు ఉన్న ఇంట్లోకి భరిణె పట్టుకెళ్ళకూడదు కదా? దండం పెట్టుకుని వచ్చేశాను. ఆ ఇంట అమ్మవారు వచ్చిందని నోటితో అనకూడదని మా అమ్మ చెప్పింది. అందుకే మీతో కూడా అనలేదు. ఇప్పుడీవిడ ఇలా బయట తిరుగుతుంటే నాకు భయమేస్తంది..."

పార్వతమ్మ నెమ్మదిగా కాళ్ళు దగ్గరికి లాక్కుంది.

తరవాత మాలతి నవ్వింది. ఆపుకోలేక మంచం కోడు పట్టుకుని నవ్వింది. "ఒసేయ్ పిల్లా, అది హరేలీ మండ! ఇక్కడి పండగ! ఆ రోజు రావుత్‌లు పాలు పోసే ఇళ్ళన్నిటికీ గుచ్చి వెళ్తారు. ఈ వీధిలో అందరూ ప్యాకెట్ పాలకి మారిపోయారు, నేనొక్కదాన్నే రావుత్ దగ్గర పోయించుకుంటున్నాను. అంతే!"

రాయ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన వాళ్ళ కళ్ళకి ఆ మండ ఎప్పుడూ ఆనదు. గుమ్మానికి మేకు ఉన్నట్టే అదీ ఉంటుంది. శ్రీకాకుళం పిల్ల కంటికి మాత్రం అదొక్కటే కనబడింది.

"హమ్మయ్య!" అంది మాలతి కళ్ళు తుడుచుకుంటూ. "అత్తా, ఇప్పుడే ఫోన్ తీసి అందరికీ చెప్పెయ్. పొరపాటైందను."

పార్వతమ్మ ఫోన్ తియ్యలేదు. మోకాలి మీది నూనె కేసి చూస్తూ కూర్చుంది. "ఈ మాట ఈ గదిలోనే ఉండిపోవాలి, మాలతీ."

"ఏటీ?"

"పొరపాటున కూడా దాటుతాదని తెలిస్తే ఇంక ఆ భరిణెకి ఎవరు భయపడతారు? మా అత్తగారి కాలం నుంచీ ఈ వీధి పిల్లలు దారి తప్పకుండా ఉన్నారంటే దానివల్లే. ఒక్క పండగ ఓర్చుకో. వచ్చే ఏడు నీకే మొదటి బొట్టు పెట్టిస్తాను." ఆగి, పక్కచూపు చూసింది. "అయినా మీవాడు తాగడం నిజమే కదా."

మాలతికి నవ్వు మొత్తం దిగిపోయింది. పొరపాటు దొరికింది. కానీ తగిలించిన నేరాలు మాత్రం వెనక్కి వెళ్ళడానికి ఒప్పుకోవడం లేదు.

"మరి కల్యాణిని ఎందుకు దాటారత్తా?" అంది హఠాత్తుగా.

వీధి చివరింటి కల్యాణి. కొన్నేళ్ళ కిందట భరిణె ఆమె గుమ్మం దాటింది. అప్పట్నుంచీ ఆ ఇంటి గేటు తుప్పు పట్టింది.

పార్వతమ్మ నోరు తెరిచింది. మూసింది. కళ్ళు పైకప్పు మీద వెతికాయి. "ఏదో ఉంది... ఆ ఏడు కూడా నాకు ఒంట్లో బాగోలేదు. పెద్దకోడలు వెళ్ళింది..." మాట అక్కడే ఆగిపోయింది.

మాలతి అప్పటికే వీధిలో ఉంది.

* * *

కల్యాణి గేటు తీయలేదు. ఊచల వెనకనుంచే మాట్లాడింది.

"దారి తెలిసిందా ఇన్నాళ్ళకి? నీ గుమ్మం దాటారంట కదా. ఇప్పుడు నా గుమ్మం కనబడిందా, మాలతక్కా?"

"తిట్టు. ఎంత తిడతావో తిట్టు. కానీ తొందరగా తిట్టు, నాకు టైము లేదు."

కల్యాణికి నవ్వొచ్చింది. ఆపుకుంది. మాలతి అంతా చెప్పింది. వేపమండ సంగతి విని కల్యాణి ఊచలు గట్టిగా పట్టుకుంది. "నేను అడగనే లేదక్కా. ఏదో చేసే ఉంటానని నాకు నేనే ఒక్కోటీ గుర్తుచేసుకుని ఏడ్చాను. ఆఖరికి నిజంగానే చెడ్డదాన్ని అనుకున్నాను."

"ఆదివారం నీలిమకి గాజులు తొడగడానికి రా."

"నేనొక్కదాన్నే వస్తే నీ ఇంటికి ఇంకెవరూ రారు."

"అందరూ వచ్చే దారి చెప్పు మరి. ఏ గుమ్మం తొక్కినా తలుపేస్తారు."

కల్యాణి ఆలోచించింది. కళ్ళలో మెల్లగా మెరుపు పుట్టింది. "బొట్టు పెట్టకపోవడం వాళ్ళ చేతిలో ఉందక్కా. పెడితే వద్దనడం ఏ ముత్తయిదువ చేతిలోనూ లేదు. మొహం తిప్పుకుంటే ఆ పాపం ఆవిడకే. అదీ లక్ష్మీదేవి ఎదురుగా..."

"హాలుకి తలుపులేసుకోవడానికి లేదు!" అంది మాలతి.

గేటు కిర్రుమని తెరుచుకుంది.

* * *

శుక్రవారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడుతోంది. కలశానికి కట్టిన పట్టుచీర మెరుస్తోంది. హారతి అయిపోయి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని తోరాలు కట్టుకుంటున్నారు.

గుమ్మంలో మాలతి నిలబడింది. చేతిలో సొంత భరిణె. ఒకవైపు నీలిమ, ఇంకోవైపు కల్యాణి.

పిలుపు లేకుండా ఆ హాల్లోకి అడుగు పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఎవరో "రామ రామ" అన్నారు. సరోజిని తల వంచేసుకుంది. నీలిమ అత్తగారి కొంగు పట్టుకుని ఆపింది.

"వెళ్ళిపోదాం అత్తయ్యా."

"నడు."

మాలతి తిన్నగా ముందు వరసకి వెళ్ళింది. కుర్చీలో కూర్చున్న పార్వతమ్మ ఎదుట ఆగింది. పక్కనే అమ్మవారు. పార్వతమ్మ మొహం తిప్పుకుంటే నీలిమ సీమంతం ఆగిపోయినట్టే. ఇంక ఈ వీధిలో ఆ పిల్ల చేతికి గాజు పడదు. మాలతి మూత తీసి ఉంగరం వేలు కుంకుమలో ముంచింది.

"అత్తా, ఆదివారం మా కోడలి సీమంతం. తప్పకుండా రావాలి."

వేలు గాల్లోకి లేచింది. పార్వతమ్మ గడ్డం పక్కకి కదిలింది. కొంచెమే. కానీ హాలంతా చూసింది. మాలతి వేలు ఆగిపోయింది.

"అత్తయ్యా!"

గొంతు ఫణిశ్రీది. పానకం గ్లాసుల పళ్ళెం అక్కడే కింద పెట్టేసి ముందుకొచ్చింది. "ఆ రోజు దాటింది నేను. వేపమండ చూసి అమ్మవారు పోసిందనుకున్నాను. ఎవరూ దాటమనలేదు. వాళ్ళే తప్పూ చెయ్యలేదు. లక్ష్మీదేవి ఎదురుగా చెబుతున్నాను!"

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత వెనక వరసలో నళిని కిసుక్కుమంది. "హరేలీ మండా? దానికా ఇదంతా!" నవ్వు పక్కావిడకి అంటుకుంది. అక్కడ్నుంచి వరస వరసా పాకింది. నవ్వుతూనే కొందరు నేల చూపులు చూశారు. ఏ మాట ఎవరితో అన్నారో ఎవరికి వాళ్ళకే గుర్తొస్తోంది.

నవ్వనిది పార్వతమ్మ ఒక్కతే. కోడలి వైపు చూసింది. నిండు కడుపుతో నిలబడిన నీలిమ వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళు నిండి ఉన్నాయి, అయినా చూపు దించలేదు. పార్వతమ్మ గడ్డం మళ్ళీ ఇటు తిరిగింది. నుదురు ముందుకొచ్చింది.

మాలతి వేలు తగిలింది. బొట్టు కాస్త వంకరగా పడింది.

"చెయ్యి అంత వణికితే ఎలాగే?" అంది పార్వతమ్మ కటువుగా. "మిగతావాళ్ళకి తిన్నగా పెట్టు."

"నా చెయ్యి నొప్పెడుతోందత్తా." మాలతి భరిణె పక్కకి చాపింది. "ఈ వరసకి కల్యాణి పెడుతుంది."

నవ్వులు ఆగాయి. కల్యాణి భరిణె అందుకుంది. మొదట కూర్చున్నది సరోజిని. ఆవిడ పార్వతమ్మ మొహం చూసింది. పార్వతమ్మ తోరం ముడి చూసుకుంటోంది, గట్టిగా, అదేదో చాలా పెద్ద పని అన్నట్టు. సరోజిని కళ్ళు మూసుకుని నుదురు ఇచ్చేసింది.

* * *

ఆదివారం మాలతి ఇంట్లో చెప్పులు గేటు దాటి వీధిలోకి వచ్చాయి. నీలిమ పీట మీద కూర్చుంది. మొదటి జత కల్యాణి తొడిగింది. తరవాత ఎవరు తొడుగుతున్నారో లెక్క లేదు. చేతులు మోచేతుల దాకా పచ్చగా అయిపోయాయి. "చాలు, చాలు" అంటూనే నీలిమ చెయ్యి మళ్ళీ మళ్ళీ చాపుతోంది.

"వదినా," అంది సరోజిని మాలతి చెవి దగ్గర, "బీరు సంగతి మాత్రం ఒకసారి కనుక్కో."

"మీ ఆయన్ని తోడు పంపు, ఇద్దర్నీ కలిపి కనుక్కుంటాను."

అందరికంటే ఆఖరున పార్వతమ్మ వచ్చింది. ఫణిశ్రీ భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకీ మూలుగుతూ. గడప దగ్గర ఆగింది. తల ఎత్తి చూసింది. వాడిపోయిన వేపమండ ఇంకా అక్కడే వేలాడుతోంది. మాలతి తియ్యలేదు.

లోపల అందరూ గాజులు పట్టుకున్న చేతులతో అలాగే ఆగిపోయారు.

పార్వతమ్మ గొంతు సవరించుకుంది. "ఏటే మాలతీ, ఇది దేనికి పెట్టారు?"

ఆ వీధిలో ఒక గుమ్మం ముందు నిలబడి, పార్వతమ్మ కారణం అడగడం అదే మొదటిసారి.

"పండగకి పెట్టారత్తా. లోపలికి రా," అంది మాలతి.